తిరగళ్ళ నేల

"ఇది ఆవగింజ కాదు, ఎలక పెంట," అంది ఎల్వీనా, రొట్టెలోంచి తీసిన నల్లటి గింజని గోటితో బల్ల అంచుకి నెడుతూ. అక్కడ అలాంటివి అప్పటికే నాలుగున్నాయి. వాటి పక్కన మూడు ఇసక రాళ్ళు, ఒక గడ్డి పరక, ఏదో పురుగు రెక్క. అన్నిటినీ వరసగా పేర్చి పెట్టుకుంది ముసలావిడ.

"తినేటప్పుడు ఆ మాటలేంటమ్మా!" అన్నాడు ఆస్బర్ట్.

"తినేటప్పుడే కదరా బయటపడుతున్నాయి."

"మళ్ళీ జల్లించమను. రెండుసార్లు జల్లిస్తే పోతాయి."

"రెండుసార్లు జల్లించాను," అంది మేబిల్ పొయ్యి దగ్గర్నించి. "మూడోసారి నువ్వు జల్లించు. జల్లెడ అదిగో, మేకుకి వేలాడుతోంది."

పెళ్ళీడుకొచ్చిన కూతురు అమీస్ నవ్వాపుకోలేక పులుసు గిన్నెలో ముఖం దాచుకుంది.

ఈ గొడవ మొదలై మూడు రోజులైంది. మూడు రోజులుగా ఎల్వీనా రొట్టె నోట పెట్టడం లేదు, ఉల్లికాడల పులుసుతో సరిపెట్టుకుంటోంది. ఆవిడకి మిగిలినవి నాలుగు పళ్ళు. వాటిలో రెండే ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. మొదటి రోజే రాయి తగిలి వాటిలో ఒకటి కదిలిందని ఆవిడ పోరు. కదల్లేదు, ముందునుంచీ అంతేనని కొడుకు వాదన.

ఊళ్ళో ఎవరికి పిండి కావాలన్నా గింజని మఠం వాళ్ళ నీటిమరలోనే పట్టించాలి. ఆ మర మఠం పేరు పెట్టుకున్న పునీతుడిదట. ఇంట్లో విసురుకోవడమంటే పునీతుడి నోటి దగ్గర కూడు లాక్కోవడమేనని ఆదివారం పూజలో ఏడాదికి రెండుసార్లయినా చెబుతారు. పునీతుడి పాలు కింద పదహారో కుంచం తీసుకుంటే తీసుకున్నారు, మన గింజ మనకి తిరిగొచ్చినా బాగుండును. ఎండబెట్టి, చెరిగి, ఏరి పంపిన బార్లీకి బదులు ఎవరిదో ముక్కిపోయిన పిండి వస్తుంది. చేత్తో పిసికితే ముద్దకట్టి, తడి గోనె వాసన కొడుతుంది.

పన్నెండేళ్ళ కిందట మఠం మనుషులు ఇంటింటికీ తిరిగి తిరగళ్ళన్నీ పట్టుకుపోయారు. అప్పుడు ఎల్వీనా అరిగిపోయిన పాత తిరగలి వాళ్ళకి అంటగట్టి, మంచిది అటక మీద గడ్డిలో దాచింది. అప్పట్నించీ వారానికి రెండుసార్లు వెనక గదిలో కింద గోనెలు పరిచి విసురుతూనే ఉంది. చప్పుడు బయటకి పోకుండా అమీస్ వాకిట్లో కూర్చుని నార బాదుతూ గొంతెత్తి పాటలు పాడేది. ఊళ్ళో వాళ్ళంతా ఆ పిల్లకి పాటల పిచ్చి అనుకునేవారు.

అయితే పోయిన నెల వీధి చివర ఉండే సబీనా తిరగలి పట్టుకుపోయారు. మొగుడు పోయిన మనిషి, ఒక్కతే ఉంటుంది. తిన్నగా వచ్చి, ఎక్కడా వెతక్కుండా, పంది దొడ్లో తొట్టి కింద తవ్వి తీసుకెళ్ళారు. అది విన్న వారంలో, అందరూ పూజకి వెళ్ళినప్పుడు ఆస్బర్ట్, మేబిల్ ఇద్దరే ఇంట్లో ఉండిపోయి, తిరగలిని అటక మీంచి దింపి కోళ్ళగూడు కింద గొయ్యి తీసి పాతేశారు. ముసలావిడకి చెప్పలేదు, నిద్రలో పలవరిస్తుంది. అమీస్‌కీ చెప్పలేదు. తెలిసింది వాళ్ళిద్దరికే. అంతకుముందు విసిరి ఉంచిన పిండి మూడు రోజుల కిందట అయిపోయింది.

"అది ఎక్కడ పెట్టారో చెప్పండి, నేనే తీసుకుంటాను," అంది ఎల్వీనా. "నా అత్త నా చేతికిచ్చిన రాయి అది. దాచుకోవడానికివ్వలేదు, విసురుకోవడానికిచ్చింది."

"పట్టుబడితే?"

"పట్టుబడితే పట్టుబడతాను. నాలుగు పళ్ళ దాన్ని నన్నేం చేస్తారు?"

"నిన్ను కాదమ్మా, నన్ను చేస్తారు!" ఆస్బర్ట్ గొంతు పెంచాడు. కుడి భుజం నొప్పి తిరగబెట్టినప్పుడల్లా అతని గొంతు అలాగే లేస్తుంది. రెండేళ్ళ కిందట మఠం కలప మోస్తూ పడ్డప్పట్నించీ ఆ చెయ్యి భుజం పైకి లేవదు.

అప్పుడే తలుపు తోసుకుని థర్స్టన్ లోపలికొచ్చాడు. ఆస్బర్ట్ తమ్ముడు. చిన్నప్పుడే మఠం కొలువులో చేరి ఇప్పుడు ఉగ్రాణం ఫాదర్ దగ్గర నమ్మిన మనిషైపోయాడు. మఠం సరుకులన్నీ ఆ ఫాదర్ చేతిలోవే, కాబట్టి ఊరూ ఆయన చేతిలోదే. థర్స్టన్ బుగ్గలు నున్నగా మెరుస్తున్నాయి. చంకలో గుడ్డలో చుట్టిన తెల్ల రొట్టె ఉంది.

"వీధిలోకి వినబడుతోంది మీ సంగీతం," అన్నాడు. "ఇదిగోనమ్మా, నీ కోసం. సన్యాసులు తినే రొట్టె. దీంట్లో రాయి కనబడితే నా చెవి కోసిస్తా."

ఎల్వీనా రొట్టె విరిచి వాసన చూసింది. కొడుకు ముఖంలోకి చూసింది. నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

"రాళ్ళు లేవు," అంది చివరికి. "మా రాళ్ళు మాకు పెట్టి, మా పిండి మీరు తింటున్నారన్నమాట."

"నాయనమ్మా, చెవి కోసే పని తప్పింది చిన్నాన్నకి," అంది అమీస్.

థర్స్టన్ పెద్దగా నవ్వి వదిన వైపు తిరిగాడు. "వదినా, పెంతెకొస్తు పండక్కి బిషప్ గారొస్తున్నారు. మఠంలో చావడి కడగాలి. మన వీధిలో ఇంటికొక ఆడమనిషి రేపు పొద్దున్నే రావాలని ఉగ్రాణం ఫాదర్ ఆర్డరు. కూలీ ఉండదు. పుణ్యం ఉంటుంది."

"దాన్ని జల్లెడ పట్టక్కర్లేదు కదా?" అంది మేబిల్.

వెళ్ళేముందు థర్స్టన్ అన్నని పెరట్లోకి తీసుకెళ్ళాడు. గిన్నెలు కడిగిన నీళ్ళు పారబోయడానికి మేబిల్ బయటికొచ్చినప్పుడు ఇద్దరూ కోళ్ళగూడు దగ్గర నిలబడి ఉన్నారు. తమ్ముడు మాట్లాడుతున్నాడు. అన్న తల దించుకుని, కాలి వేలితో మట్టి గీస్తున్నాడు. ఆమెను చూసి థర్స్టన్ కోళ్ళని మెచ్చుకున్నాడు.

మర్నాడు మఠం వాకిట్లో ఏడుగురు ఆడవాళ్ళు పోగయ్యారు. వాళ్ళలో సబీనా కూడా ఉంది. పెద్ద పెద్ద జమీందార్లనీ, వర్తకుల్నీ కూర్చోబెట్టే చావడి అది. ఊళ్ళోవాళ్ళెవరూ దాని గడప తొక్కింది లేదు. ఏ మనవి చెప్పుకోవాలన్నా బయట గేటు దగ్గరే నిలబడాలి.

నేల మీద మోకాలి లోతున తుంగ గడ్డి పరిచి ఉంది. పైన పచ్చిది, కింద కుళ్ళింది. పాతది తీయకుండా దాని మీదే కొత్తది పోస్తూ వచ్చారు, ఎన్నేళ్ళ నుంచో.

పంగల కర్రతో మొదటి మోపు లేపగానే వచ్చిన వాసనకి మేబిల్ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. కింది పొర నల్లగా, ముద్దగా, వెచ్చగా ఉంది. బాతు ఎముకలు, చేప తలలు, ఎండిన కుక్క పెంట, ఉమ్ములు, ఒలికిన కల్లు, పగిలిన గుడ్ల పెంకులు. ఉపవాస దినాల్లో గుడ్డు తింటే పాపమని ఊరికి చెప్పే నోళ్ళే ఈ గుడ్లూ తిని ఉంటాయి. ఎత్తిన చోటల్లా తెల్లటి పురుగులు లుకలుకలాడుతున్నాయి. ఒకామె బయటికి పరిగెత్తి కక్కుకుని వచ్చింది.

"పుణ్యం బాగా కంపు కొడుతోందే," అంది సబీనా పళ్ళ మధ్యనుంచి.

మధ్యాహ్నానికి తుంగంతా బయట పడింది. బిందెలతో నీళ్ళు తెచ్చి, బూడిద జల్లి, మోకాళ్ళ మీద కూర్చుని రుద్దడం మొదలుపెట్టారు. జిగురు వదిలేకొద్దీ నేల తేలుతోంది. పలకల నేల కాదు. గుండ్రటి రాళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. ఒక్కో రాయి మధ్యలో పిడికిలి పట్టేంత బెజ్జం. బెజ్జం నిండా సున్నం.

రుద్దుతున్న చేతులు ఒక్కొక్కటే ఆగాయి.

ఏడుగురి చేతులూ ఎరిగిన రాళ్ళవి. అంచు దగ్గర పిడి గుచ్చే చిన్న గుంట, గాడులు పెట్టిన తీరు, ఏళ్ళ తరబడి తిరిగి ఒక పక్కకి వాలిన అరుగుడు. తిరగళ్ళు. ఊళ్ళో తిరగళ్ళన్నీ. గింజలు పోసే నోళ్ళలో సున్నం కూరి, వెల్లకిలా పడుకోబెట్టి, మీద నడుస్తున్నారు.

పట్టుకుపోయిన రోజు అవన్నీ పగలగొట్టి ఏట్లో పారేశామని చెప్పారు. మేబిల్ తల్లి అది నమ్మింది. ఏటి ఒడ్డుకి వెళ్ళి చాలాసేపు నిలబడి వచ్చేది. నీళ్ళు తగ్గినప్పుడు ఒక ముక్కయినా కనబడుతుందేమోనని చూసేది. రెండేళ్ళు అలా చూసి చూసి చనిపోయింది.

మేబిల్ వెతకాలనుకోలేదు. కానీ చేతిలో గుడ్డ వెతుకుతూనే పోయింది. ఎత్తు కుర్చీ దగ్గర, మఠాధిపతి కాళ్ళు పెట్టుకునే చోట దొరికింది. తల్లి తిరగలి. గింజల నోటి పక్కన ఆమె మేకుతో గీసిన శిలువ. పిండిలో దెయ్యం దూరకూడదని గీసుకుంది. విసిరే ముందు రోజూ దాన్ని వేలితో తాకేది. శిలువ గీతల్లో జిడ్డు పేరుకుని ఉంది. దాని మీద ఎవరో ఉమ్మిన కళ్ళె ఎండి, అంటుకుపోయి, గోటికి కూడా రావడం లేదు.

"నెమ్మది తల్లీ, నెమ్మది. ఆ నేలంటే మఠాధిపతి గారికి ప్రాణం."

ఉగ్రాణం ఫాదర్ వచ్చాడు. వెనకాలే లావుపాటి కుక్క. ఆయన చేతిలో ఎండిన రేగిపళ్ళు ఉన్నాయి. ఒకటొకటే నోట్లో వేసుకుని గింజలు ఆడవాళ్ళు కడిగిన చోటే ఉమ్ముతున్నాడు.

"ఎన్నాళ్ళకి చూశాను దీని ముఖం!" అన్నాడు మురిసిపోతూ. "ఈసారి తుంగ పరచొద్దు. బిషప్ గారికి చూపించాలి. ప్రార్థనకి వెళ్ళేటప్పుడు ప్రతిపూటా మేం మీ అవిధేయతని కాళ్ళ కింద తొక్కుకుంటూ వెళ్తాం. మీ ఆత్మల మేలు కోసమే."

కుక్క వచ్చి శిలువ ఉన్న రాయి మీద వాసన చూసి, కాలెత్తింది. మేబిల్ చెయ్యి తీసుకునే లోపల తడిసింది. ఫాదర్ నవ్వుతూ కుక్కని పేరుపెట్టి కసిరాడు.

"ఆ మూల చూశారా, రెండు రాళ్ళ చోటు ఖాళీగా ఉంది. కంట్లో నలుసులా ఉంది నాకు. అది కూడా నిండుతుందిలే." ఆయన మేబిల్ వైపు తిరిగాడు. "నువ్వు ఆస్బర్ట్ భార్యవి కదూ? మీ ఆయన బుద్ధిమంతుడమ్మా. ఇంట్లో అందరూ ఒప్పుకున్నారని థర్స్టన్ చెప్పాడు. ఎల్లుండి వస్తారు మనుషులు. కోళ్ళగూడు కింద తవ్వితే కోళ్ళు బెదిరి గుడ్లు పెట్టవట. అవి మేతకెళ్ళాక రమ్మన్నాడు మీ ఆయన. అలాగే రమ్మంటాను."

ఇంకో గింజ ఉమ్మి వెళ్ళిపోయాడు.

మేబిల్ తల ఎత్తలేదు. ఆరు జతల కళ్ళు తన వీపు మీద ఉన్నాయని తెలుస్తూనే ఉంది. ఆ మూల ఖాళీ పక్కనున్న రెండు రాళ్ళు ఈమధ్యే తుంగ పక్కకి తీసి వేసినట్టున్నాయి, చుట్టూ సున్నం ఇంకా తెల్లగా, కొత్తగా ఉంది. సబీనా వాటి దగ్గరే కూర్చుంది.

తిరిగొచ్చేటప్పుడు కాలవ దగ్గర అందరూ చేతులు కడుక్కున్నారు. మేబిల్ బూడిద పెట్టి కడిగింది, మట్టి పెట్టి కడిగింది, వాసన చూసుకుని మళ్ళీ కడిగింది. మిగతావాళ్ళు ఆమె కోసం ఆగకుండా ముందుకి నడిచారు. సబీనా మాత్రం వెనక్కి వచ్చింది.

"నాది కూడా మీ ఇంట్లోంచే వెళ్ళిందా, మేబిల్?"

"నాకు తెలీదక్కా."

"తెలుసుకుని చెప్పు," అంది సబీనా. కోపంగా అనలేదు. ఆ మాటే మేబిల్‌కి ఇంటిదాకా తోడొచ్చింది.

ఆస్బర్ట్ పెరట్లో కూర్చుని పలుగుకి పిడి బిగిస్తున్నాడు. మేబిల్ అతని ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"కోళ్ళు బెదురుతాయని చెప్పావటగా."

అతని చేతులు ఆగిపోయాయి. అబద్ధమాడతాడేమోనని ఒక్క క్షణం అనుకుంది. ఆడితే బాగుండునని కూడా అనుకుంది.

"మర పని నాకిస్తామన్నారే," అన్నాడు నేలకేసి చూస్తూ. "ఇప్పుడున్న మరవాడిని తీసేస్తారట. నీడపట్టున పని. గింజ పోయడం, పిండి పట్టుకోవడం. ఈ భుజంతో ఇంకెన్నాళ్ళు దున్నుతాను? మన పిండి మనకి మంచిది వస్తుంది. అమ్మకి రాళ్ళుండవు. మీ అందరి కోసమేగా."

"ఊళ్ళో వాళ్ళకి ఎలక పెంట, మనకి తెల్ల పిండి."

"అందరికీ మంచి పిండే పడతాను! నేనైతే మోసం చెయ్యను!"

"చెయ్యకుండా ఉండనిస్తారా?"

అతను పలుగుకి పిడి ఇంకోసారి బిగించాడు.

"సబీనా సంగతి కూడా నువ్వే చెప్పావా?"

"మాటల్లో అన్నానంతే. ఆవిడ రొట్టెలు ఎంత బాగుంటాయో అని ఏదో అన్నాను, థర్స్టన్ పట్టుకున్నాడు. తొట్టి కింద అని నేను..." ఆగిపోయాడు. "చెప్పాను. వాడు అడిగితే చెప్పాను. అప్పటికి మర సంగతేం లేదు. తమ్ముడు కదా అని చెప్పాను. రాళ్ళే కదే మేబిల్. రెండు రాళ్ళు!"

ఇరవై ఏళ్ళు ఈ మనిషి పక్కన పడుకుంది. జ్వరంలో ఒళ్ళు తుడిచింది. ఇప్పుడు అతని చేతుల వైపు చూడబుద్ధి కాలేదు. తిట్టాలని కూడా అనిపించలేదు.

లోపలికి వెళ్ళి అత్తగారి పక్కన పీట వేసుకుని కూర్చుంది. చావడి నేల గురించి చెప్పింది. సున్నం గురించి, తన తల్లి శిలువ గురించి, కుక్క గురించి. మూల ఖాళీ గురించి. అది ఎవరి కోసం ఉంచారో, ఎవరు మాటిచ్చారో కూడా చెప్పింది. దాచలేదు. అమీస్ వడుకుతున్న కదురు చేతిలోనే పట్టుకుని వింది.

ఎల్వీనా మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. ఆవిడ అలా వినడం మేబిల్ ఎన్నడూ చూడలేదు.

"ఇద్దరూ నా కొడుకులేనా?" అంది అంతా విని.

"ఇద్దరూనూ."

"మూల కదూ అన్నావు. రాయి గుండ్రంగా ఉండాలి కాబోలు, అక్కడ ఇమడాలంటే."

"ఔనత్తా. అన్నీ గుండ్రంగా ఉన్నవే. పగిలింది ఒక్కటీ లేదు."

ముసలావిడ లేచింది. "ఎక్కడ పాతారో చూపించు."

ఇంకా ఎండ ఉంది. మేబిల్, అమీస్ కలిసి గూడు జరిపి గొయ్యి తవ్వారు. కోళ్ళు నానా గోల చేశాయి. పై రాయి ముందు బయటికొచ్చింది, తర్వాత కింది రాయి. ఎల్వీనా కొంగుతో మట్టి తుడిచింది. పిడి గుంటలో వేలు పెట్టి ఒక చుట్టు తిప్పినట్టు చేసింది. తర్వాత కట్టెలు చీల్చే ఇనప మేకునీ, పెద్ద సుత్తినీ తెమ్మంది.

"అమ్మా, ఏం చేస్తున్నావు?" ఆస్బర్ట్ దగ్గరికొచ్చాడు. "ఎల్లుండి వాళ్ళొచ్చి అడిగితే నేనేం చెప్పను? మాటిచ్చానే!"

"నువ్విచ్చింది మాట. రాయి నాది."

మేకుని గింజల నోట్లో నిలబెట్టి సుత్తి ఎత్తింది. మొదటి దెబ్బ జారిపోయింది. రెండోది మేకుకి తగల్లేదు. అమీస్ వచ్చి సుత్తి అందుకుంది. "నాయనమ్మా, నువ్వు మేకు పట్టుకో." ఆ పిల్ల నాలుగు దెబ్బలు వేసింది. అయిదో దెబ్బకి పై రాయి మూడు ముక్కలైంది. కింది రాయికి ఎక్కువ సేపు పట్టింది. చప్పుడు వీధంతా వినబడింది. ఈసారి ఎవరూ పాట పాడలేదు.

ఎల్వీనా ఏడవలేదు. కొంగులో పట్టినంత రాతి పొడి పోగుచేసి గోతిలో పోసి మట్టి కప్పింది. "ఇది కూడా ఎవడి రొట్టెలోనో కలుపుతారు, వదిలేస్తే," అంది.

చెప్పిన రోజున కోళ్ళు మేతకి వెళ్ళాక థర్స్టన్ వచ్చాడు. ఇద్దరు మనుషుల్ని, చిన్న బండినీ వాకిట్లో ఆపి లోపలికొచ్చాడు. ఇంటిల్లిపాదీ బల్ల దగ్గరున్నారు. ఆస్బర్ట్ చివర, గోడ వైపు కూర్చున్నాడు. రెండు రోజులుగా అతనితో ఎవరూ పోట్లాడలేదు. అదే అతనికి కష్టంగా ఉంది.

"ఏది, ఎక్కడన్నయ్యా?" అంటూనే థర్స్టన్ పొయ్యి వైపు చూసి ఆగిపోయాడు.

పొయ్యికి పాత రాళ్ళు లేవు. గాడులున్న మూడు పెద్ద రాతి ముక్కలు మంట చుట్టూ నిలబడి ఉన్నాయి. ఒకదాని అంచున సగం నోరు ఇంకా గుండ్రంగా కనబడుతోంది. వాటి మీద కుండ కుతకుతలాడుతోంది.

"ఇదేం పని వదినా? ఫాదర్‌కి నేనేం ముఖం చూపించను? రాళ్ళు చెక్కుచెదరకుండా తెస్తానన్నాను!"

"తీసుకెళ్ళరా," అంది ఎల్వీనా. "మంట ఆర్పి తీసుకెళ్ళు. మూలకి సరిపోతాయేమో చూడు."

"మీకు తమాషాగా ఉంది. అన్నయ్యకి మర పని పోతుంది. ఇక పిండి ఎక్కడ పట్టించుకుంటారు? ఆ మరలోనేగా? అక్కడ మీకు ఇంకేం కలుపుతారో తెలుసా?"

మేబిల్ కుండ దించి బల్ల మీద పెట్టింది. మూత తీసింది. బార్లీ గుగ్గిళ్ళు. ఒక్కో గింజా పగిలి, మెత్తగా, తెల్లగా ఉబ్బి ఉంది. మీద కొంచెం పాలు, ఉల్లికాడలు. ముసలావిడ అప్పటికే ఒక గింజని రెండు పళ్ళ మధ్య నొక్కి చూసి తల ఊపింది.

"కూర్చో థర్స్టన్," అంది మేబిల్. "నువ్వూ ఈ ఇంటి వాడివే కాబట్టి నీ ఎదురుగానే చెబుతాను. ఈ రోజు నుంచి ఈ ఇంట్లో రొట్టె ఉండదు. పిండి ఉండదు. మన గింజ మరకి వెళ్ళదు. మరలో పట్టించాలన్నది పిండికి. ఉడికిన గింజకి ఏ కట్టడీ లేదు."

"ఉడకబెట్టుకోవడానిక్కూడా పునీతుడి కుండ ఒకటుందేమో, వెళ్ళి అడిగి రా," అంది ఎల్వీనా.

"ఎన్నాళ్ళు తింటారు ఇది?" అన్నాడు థర్స్టన్. "పండక్కి? పెళ్ళికి? దీని పెళ్ళికి రొట్టె లేకుండా చేస్తారా?"

"నాకు గుగ్గిళ్ళిష్టం చిన్నాన్నా," అంది అమీస్.

మేబిల్ నవ్వలేదు. ఒక గిన్నెలోకి వేడి వేడిగా తోడి, గుడ్డ కప్పి కూతురి ముందు పెట్టింది.

"ఇది ముందు సబీనా పెద్దమ్మకి తీసుకెళ్ళు. ఆమె నన్నొక మాట అడిగింది. తొట్టి కింద ఉందని చెప్పింది మీ నాన్నేనని, మీ చిన్నాన్నకి చెప్పాడని చెప్పు. నేను చెప్పమన్నానని చెప్పు. వీధిలో వాళ్ళు విన్నా ఫర్వాలేదు, గొంతు తగ్గించకు."

ఆస్బర్ట్ తలెత్తాడు. తల్లి వైపు చూశాడు. ఆవిడ తన గిన్నెలోకే చూస్తోంది.

"మర పని ఇంకా ఇస్తే చేసుకో," అంది మేబిల్ అతనితో, గొంతు ఏమాత్రం పెంచకుండా. "వద్దనను. రొట్టె కూడా అక్కడే తిని, అక్కడే పడుకో. ఈ కుండలోది తినాలనుంటే మాత్రం, అమీస్ వెంట నువ్వు కూడా సబీనా గుమ్మందాకా వెళ్ళొచ్చి చేతులు కడుక్కుని కూర్చో. అంతదాకా నీ గిన్నెలో వడ్డించను."

అని చెప్పి, గరిటె అందుకుని అత్తగారికి వడ్డించింది.